గట్టు అవతల బీమా, ఇవతల సున్నా: సరిహద్దు గీత మీ పంట లెక్కను ఎలా మారుస్తుంది?

పంటల బీమా సొమ్ము ఖాతాల్లో పడినప్పుడల్లా, కరవు మండలాల జాబితా వెలువడినప్పుడల్లా రైతులు అడిగే ప్రశ్న ఒకటుంది. "గట్టు అవతల వాళ్లకు వచ్చింది, మాకెందుకు రాలేదు? ఇద్దరికీ పడింది ఒకే వాన, ఎండింది ఒకే పంట కదా?"

కొన్నిసార్లు దీనికి కారణం నమోదులో పొరపాటో, బ్యాంకులో ఆలస్యమో కావచ్చు. కానీ ఎవరి తప్పూ లేకుండా, ప్రతి అంకె సరిగ్గా ఉండి కూడా ఇలా జరుగుతుంది. మీ నష్టాన్ని మీ పొలం వరకే లెక్కించరు. ఒక ఊరిలోనో, మండలంలోనో, జిల్లాలోనో కలిపి సగటు తీస్తారు. ఆ సగటు తీసే ప్రాంతం సరిహద్దు ఎక్కడ పడిందనే దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. గణాంక శాస్త్రంలో దీన్ని మాడిఫయబుల్ ఏరియల్ యూనిట్ ప్రాబ్లమ్ అంటారు. అంటే, ప్రాంతం హద్దులు మార్చితే అదే సమాచారం నుంచి వేరే జవాబు రావడం.

ఇదేదో పుస్తకాల్లో ఉండే విషయం అనుకోకండి. దీన్ని అర్థం చేసుకుంటే సీజన్ మొదట్లోనే ఏం అడగాలో, పంట కోత సమయంలో ఏం చూడాలో మీకు తెలుస్తుంది.

ఆరు ఊళ్లు, ఒకే పంట, నాలుగు రకాల ఫలితాలు

సులువుగా అర్థం కావడానికి ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక మండల కేంద్రం చుట్టూ వలయంలా ఆరు ఊళ్లున్నాయి. అన్నింటిలోనూ వేరుశనగే, విస్తీర్ణం కూడా సమానమే. ఈ ఏడాది ఎకరా సగటు దిగుబడి వరుసగా ఇలా ఉందనుకుందాం.

1వ ఊరు: 8 క్వింటాళ్లు
2వ ఊరు: 8 క్వింటాళ్లు
3వ ఊరు: 7 క్వింటాళ్లు
4వ ఊరు: 5 క్వింటాళ్లు
5వ ఊరు: 3 క్వింటాళ్లు
6వ ఊరు: 2 క్వింటాళ్లు

బీమాలో హామీ దిగుబడి అందరికీ 6 క్వింటాళ్లు, బీమా మొత్తం ఎకరాకు రూ.30,000 అనుకుందాం. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో పరిహారం లెక్క ఇది: హామీ దిగుబడిలో నుంచి ఈ ఏడాది సగటు దిగుబడిని తీసివేసి, వచ్చిన తరుగును హామీ దిగుబడితో భాగించి, బీమా మొత్తంతో హెచ్చిస్తారు. తరుగు లేకపోతే పరిహారం లేదు.

ఇప్పుడు 6వ ఊరి రైతు సంగతి చూడండి. ఎకరాకు వచ్చింది 2 క్వింటాళ్లే.

ఊరే బీమా యూనిట్ అయితే: తరుగు 4 క్వింటాళ్లు. పరిహారం ఎకరాకు రూ.20,000.

మండలం మొత్తం ఒకే యూనిట్ అయితే: ఆరు ఊళ్ల సగటు 5.5 క్వింటాళ్లు. తరుగు అర క్వింటా. పరిహారం రూ.2,500. ఇదే సొమ్ము 8 క్వింటాళ్లు పండించిన 1వ ఊరి రైతుకూ వస్తుంది.

మండలాన్ని రెండుగా చేసి 1, 2, 3 ఊళ్లు ఒక యూనిట్, 4, 5, 6 ఊళ్లు మరో యూనిట్ చేస్తే: రెండో యూనిట్ సగటు సుమారు 3.33 క్వింటాళ్లు. 6వ ఊరి రైతుకు సుమారు రూ.13,300.

అదే మండలాన్ని 6, 1, 2 ఊళ్లు ఒక యూనిట్, 3, 4, 5 ఊళ్లు మరో యూనిట్ చేస్తే: 6వ ఊరు ఉన్న యూనిట్ సగటు సరిగ్గా 6 క్వింటాళ్లు. ఆ రైతుకు సున్నా. 7 క్వింటాళ్లు పండిన 3వ ఊరికి మాత్రం రూ.5,000 వస్తుంది.

పొలం మారలేదు, పంట మారలేదు, కాటా మారలేదు. మారింది గీత ఒక్కటే. అదే రైతుకు రూ.20,000, రూ.13,300, రూ.2,500, సున్నా అని నాలుగు జవాబులు వచ్చాయి. ఇందులో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి యూనిట్ ఎంత పెద్దది అన్నది. రెండోది, సైజు ఒకటే అయినా ఎవరిని ఎవరితో కలిపారు అన్నది. చివరి రెండు లెక్కల్లోనూ యూనిట్‌కు మూడేసి ఊళ్లే ఉన్నాయని గమనించండి.

నిజానికి హామీ దిగుబడి అందరికీ ఒకటే ఉండదు. ఆ యూనిట్‌లో గత ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు తీసి, దాన్ని 70, 80 లేదా 90 శాతం హామీ స్థాయితో హెచ్చిస్తారు. అంటే ఈ ఏడాది దిగుబడి మాత్రమే కాదు, మీరు ఏ చరిత్రతో పోటీ పడుతున్నారన్నది కూడా ఆ గీతే నిర్ణయిస్తుంది.

మరి ఊరే యూనిట్ అయితే సమస్య తీరిపోతుందా?

చాలావరకు మేలే. కానీ చిన్న యూనిట్‌కు దాని ఇబ్బందులు దానికున్నాయి. సగటు దిగుబడి పంట కోత ప్రయోగాల నుంచి వస్తుంది. ఫసల్ బీమా మార్గదర్శకాల ప్రకారం ప్రధాన పంటకు గ్రామం యూనిట్ అయినప్పుడు కనీసం 4 ప్రయోగాలు, మండలం యూనిట్ అయినప్పుడు కనీసం 10 చేయాలి.

ఊరిలో నాలుగే ప్రయోగాలు అంటే ఒక్క ప్లాటు కూడా లెక్కను తారుమారు చేయగలదు. మూడు ప్లాట్లలో ఎకరాకు 2, 2, 3 క్వింటాళ్ల లెక్కన వచ్చి, నాలుగోది బోరు కింద తడి అందిన పొలంలో పడి 9 క్వింటాళ్లు వచ్చిందనుకోండి. ఊరి సగటు 4 అవుతుంది. ఆ ఒక్కటి లేకుంటే 2.3 మాత్రమే. పెద్ద యూనిట్‌లో మీ నష్టం సగటులో కలిసిపోతుంది. చిన్న యూనిట్‌లో ఒక్క ప్లాటు పొరపాటు ఊరంతటి నెత్తిన పడుతుంది.

పని భారం కూడా తక్కువేం కాదు. 20 ఊళ్లున్న మండలంలో ఒక పంటకు మండలమే యూనిట్ అయితే 10 ప్రయోగాలు చాలు, ఊరూరా అయితే 80 కావాలి. అన్నీ కోతలు సాగే ఆ కొద్ది రోజుల్లోనే జరగాలి. అందుకే ఎక్కువ విస్తీర్ణంలో ఉన్న పంటకు గ్రామాన్ని, తక్కువగా ఉన్న పంటకు మండలాన్నో అంతకంటే పెద్ద ప్రాంతాన్నో యూనిట్‌గా నోటిఫై చేస్తుంటారు. ఒకే రైతు వరికి ఒక యూనిట్‌లో, కందికి మరో యూనిట్‌లో ఉండటం ఇందువల్లే.

2023 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో వరి, గోధుమ దిగుబడి అంచనాకు ఉపగ్రహ సమాచారాన్ని కూడా కలిపే పద్ధతి మొదలైంది. ఇది కొలతను మెరుగుపరచవచ్చు. కానీ ఉపగ్రహం చూసిన దాన్ని కూడా చివరికి యూనిట్ సగటుగానే మార్చాలి. కాబట్టి గీత సమస్య అలాగే ఉంటుంది.

కరవు జాబితాలోనూ ఇదే గీత

2023 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 7 జిల్లాల్లోని 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది. మా మండలాన్ని ఎందుకు వదిలేశారన్న ఆవేదన ఆ ఏడాదీ వినిపించింది. ఎందుకిలా అవుతుందో చూద్దాం.

వాతావరణ శాఖ లెక్కలో వర్షపాతం సాధారణం కంటే 19 శాతం వరకు తక్కువైనా "సాధారణం" కిందే వస్తుంది. 20 నుంచి 59 శాతం తక్కువైతే "లోటు", 60 శాతం లేదా అంతకు మించి తక్కువైతే "తీవ్ర లోటు". అయితే ఈ శాతం ఏ ప్రాంతానిది? వాతావరణ శాఖ దేశాన్ని 36 సబ్‌డివిజన్లుగా చూస్తుంది. మన రెండు రాష్ట్రాలు కోస్తా, రాయలసీమ, తెలంగాణ అనే మూడింటిలో వస్తాయి. "రాయలసీమలో సాధారణ వర్షపాతం" అని వార్తలో విన్నారంటే, మీ మండలంలో వాన కురిసిందని కాదు. ఒక మండలంలో 15 శాతం ఎక్కువ, సమాన విస్తీర్ణం, సమాన సాధారణ వర్షపాతం ఉన్న పక్క మండలంలో 35 శాతం తక్కువ పడితే, రెండూ కలిపి 10 శాతం తక్కువ. కాగితం మీద "సాధారణం". రెండో మండలంలో చేలు మాత్రం ఎండిపోయాయి.

గీత నేల మీదే కాదు, క్యాలెండర్ మీద కూడా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మొత్తం కలిపితే వాన సరిపోయినట్టే కనిపించవచ్చు. కానీ వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో నాలుగు వారాలు చినుకు లేక, సెప్టెంబరు చివరలో ఒక్కసారిగా కుండపోత పడితే మొత్తం అంకె పంట గోడును చెప్పదు. అందుకే కేంద్రం 2016లో తెచ్చిన కరవు యాజమాన్య మాన్యువల్ మొత్తం వర్షపాతంతో పాటు వరుస పొడి వారాలనూ, ఆపైన సాగు విస్తీర్ణం, పైరు పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భ జలాల పరిస్థితినీ చూడమంటుంది.

కరవు ప్రకటన మండలం పేరు మీద వస్తుంది. పెట్టుబడి రాయితీకి ఆ మండలంలో 33 శాతం లేదా అంతకు మించి పంట నష్టపోయిన రైతులను గుర్తిస్తారు. మీ పంట 80 శాతం పోయినా, మండలం జాబితాలో లేకపోతే ఆ కరవు సాయం మీదాకా రాదు.

జిల్లాలు మారాయి, పాత లెక్కలతో జాగ్రత్త

తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకు చాలా ముందు, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. గీత మారిన ప్రతిసారీ పాత అంకెకూ కొత్త అంకెకూ మధ్య ఒక తెగింపు వస్తుంది.

కర్నూలు జిల్లానే తీసుకోండి. పాత జిల్లాలో తూర్పున కేసీ కాలువ, తెలుగుగంగ, శ్రీశైలం కుడి బ్రాంచి కాలువల కింద పారే నంద్యాల ప్రాంతం ఉంది. పడమర ఎక్కువ భాగం వర్షాధారమైన ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాలున్నాయి. రెండూ కలిపిన సగటు అటు ఆయకట్టు రైతుదీ కాదు, ఇటు మెట్ట రైతుదీ కాదు. 2022లో నంద్యాల వేరు జిల్లా అయింది. ఒక్క ఎకరా కొత్తగా పారకపోయినా, ఒక్క గింజ తగ్గకపోయినా "కర్నూలు జిల్లా సగటు" మారక తప్పదు.

ఎవరైనా 2021 కర్నూలు అంకెను, 2023 కర్నూలు అంకెను పక్కపక్కన పెట్టి దిగుబడి పడిపోయిందనో, పెరిగిందనో చెబితే వెంటనే నమ్మకండి. రెండూ ఒకే నేలవా అని అడగండి. డెల్టా తెనాలిని, మెట్ట పల్నాడును ఒకే సగటులో చూపిన పాత గుంటూరు జిల్లాకూ, ఐదు జిల్లాలుగా మారిన పాత మహబూబ్‌నగర్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.

బీమాకు కూడా ఇది ముఖ్యమే. కొత్త యూనిట్ ఏర్పడితే దానికంటూ ఏడేళ్ల దిగుబడి చరిత్ర ఉండదు. అప్పుడు అది అంతకుముందు భాగంగా ఉన్న పెద్ద యూనిట్ నుంచో, పక్క యూనిట్ల నుంచో చరిత్రను తెచ్చుకోవాల్సి వస్తుంది. ఆ అరువు చరిత్ర తడి ప్రాంతానిదైతే మీ హామీ దిగుబడి ఎక్కువగా, పొడి ప్రాంతానిదైతే తక్కువగా ఉంటుంది.

జిల్లా అంకె చూసి పొలంలో నిర్ణయం తీసుకోవద్దు

మరో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. "ఫలానా ఎరువు ఎక్కువ వాడిన జిల్లాల్లో దిగుబడి ఎక్కువ ఉంది, మీరూ వాడండి" అనే ప్రచారం వింటుంటాం. పెద్ద ప్రాంతాల సగటుల మధ్య కనిపించే సంబంధం పొలం స్థాయిలో ఉండాలని లేదు.

దీనికి గణాంక శాస్త్రంలో పేరుపొందిన ఉదాహరణ వ్యవసాయం నుంచే ఉంది. యూల్, కెండాల్ అనే శాస్త్రవేత్తలు 1950లో వచ్చిన తమ పాఠ్యపుస్తకంలో ఇంగ్లండ్‌లోని 48 కౌంటీల గోధుమ, బంగాళాదుంప దిగుబడులను పోల్చారు. రెండూ ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే కొలత ఒకటి ఉంటుంది. సున్నా అయితే సంబంధం లేనట్టు, 1 అయితే పూర్తిగా కలిసి నడిచినట్టు. 48 కౌంటీలుగా చూస్తే అది 0.22 మాత్రమే. పక్కపక్క కౌంటీలను కలిపి 24 చేస్తే 0.30, 12 చేస్తే 0.58, 6 చేస్తే 0.76, చివరికి మూడే ప్రాంతాలు చేస్తే 0.99. అదే పంట, అదే ఏడాది, అవే పొలాలు. ప్రాంతాలను పెద్దవి చేస్తున్న కొద్దీ దాదాపు లేని సంబంధం దాదాపు సంపూర్ణ సంబంధంలా కనిపించింది.

కాబట్టి ఎరువు, విత్తనం, పంట మార్పిడి నిర్ణయాలకు జిల్లా సగటు కాదు, మీ భూసార పరీక్ష పత్రం, మీ ఊరి నేలలో వచ్చిన ఫలితం ఆధారం కావాలి.

రైతులు ఇప్పుడు చేయాల్సినవి

1. నోటిఫికేషన్‌లో మీ యూనిట్ చూసుకోండి. పథకం అమలు రాష్ట్రాన్ని బట్టి, సీజన్‌ను బట్టి మారుతుంది. 2020లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ 2022లో మళ్లీ చేరింది. కాబట్టి ఈ సీజన్‌లో మీ పంటకు బీమా ఉందా, ఉంటే యూనిట్ గ్రామమా, మండలమా, జిల్లానా అన్నది ప్రీమియం కట్టక ముందే మండల వ్యవసాయ అధికారిని అడగండి. హామీ దిగుబడి ఎంతో కూడా రాసుకోండి.

2. దిగుబడి బీమానా, వాతావరణ బీమానా తెలుసుకోండి. వాతావరణ ఆధారిత బీమాలో పంట కోత ఉండదు. మీ యూనిట్‌కు కేటాయించిన వాతావరణ కేంద్రంలో నమోదైన వర్షం, ఉష్ణోగ్రతలే లెక్క. ఆ కేంద్రం ఎక్కడుందో, మీ పొలానికి ఎంత దూరమో అడగండి.

3. పొలం ఏ రెవెన్యూ గ్రామంలో ఉందో సరిచూసుకోండి. చాలామంది ఒక ఊరిలో ఉంటూ పక్క ఊరి పొలిమేరలో సాగు చేస్తుంటారు. బీమాలో లెక్క మీ ఇల్లున్న ఊరిది కాదు, భూమి ఉన్న గ్రామానిది. పంట నమోదులో సర్వే నంబరు, గ్రామం, పంట పేరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి రసీదు దాచుకోండి. కౌలు రైతులు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

4. పంట కోత ప్రయోగం దగ్గర ఉండండి. ప్లాటు యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం ఎంపిక కావాలి. దారి పక్కన ఉందనో, కోతకు సిద్ధంగా ఉందనో వేరే పొలానికి మార్చడం సరికాదు. బాగా పండిన పొలం పడినా, ఎండిన పొలం పడినా ఇదే నియమం. వరికి సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ప్లాటు కోస్తారు. ఎకరా సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి 25 చదరపు మీటర్లలో వచ్చిన కిలోలను 162తో హెచ్చిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. 8 కిలోలు వస్తే సుమారు 13 క్వింటాళ్లు. తేమ తగ్గింపుకు ముందు, తర్వాత తూకం రెండూ రాసుకోండి.

5. ఒక్కరి పొలానికే నష్టం జరిగితే 72 గంటలు మరవద్దు. వడగళ్లు, కొండచరియలు విరిగిపడటం వంటి స్థానిక విపత్తుల్లోనూ, కోసి పొలంలో ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుపాను లేదా అకాల వర్షానికి తడిసినప్పుడూ యూనిట్ సగటుతో పని లేకుండా విడిగా మీ పొలాన్నే పరిశీలించే వీలుంది. మీ పంటకు ఏయే విపత్తులు వర్తిస్తాయో నోటిఫికేషన్‌లో చూసుకోండి. నష్టం జరిగిన 72 గంటల్లోగా బీమా కంపెనీకి గాని, బ్యాంకుకు గాని, వ్యవసాయ శాఖకు గాని తెలియజేయాలి. కృషి రక్షక్ హెల్ప్‌లైన్ 14447 కూడా ఉంది.

6. ఊరి లెక్క ఊరిలో ఉంచుకోండి. మండల వర్షమాపకం మీ ఊరికి దూరంగా ఉంటే, నలుగురు రైతులు కలిసి ఊరిలో ఒక వర్షమాపకం పెట్టి రోజూ కొలత, తేదీ పుస్తకంలో రాయండి. అది ప్రభుత్వ కేంద్రం నమోదుకు బదులు కాదు. కానీ ఎన్ని వారాలు చినుకు లేదో చూపడానికి, గ్రామసభ తీర్మానానికి, కలెక్టరుకు ఇచ్చే వినతికి అది బలం. ఎండిన పైరు ఫొటోలు తేదీతో సహా ఉంచండి.

7. యూనిట్ మార్పు అడగాలంటే సీజన్‌కు ముందే అడగండి. మీ మండలంలో కాలువ కింది ఊళ్లు, మెట్ట ఊళ్లు కలిసి ఉండి, మీ పంట మండల యూనిట్‌లో ఉంటే, ఊరి స్థాయికి మార్చమని గ్రామసభ తీర్మానంతో వ్యవసాయ శాఖను కోరండి. గత సంవత్సరాల ఊరి దిగుబడి వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. పంట పోయాక గీత మార్చమంటే ఎవరూ మార్చలేరు, మార్చకూడదు కూడా. అప్పుడు ఎవరికి వాళ్లు తమకు లాభించే గీతనే కోరుకుంటారు.

ఇకమీదట ఏ సగటు విన్నా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎంత ప్రాంతానిది? ఆ ప్రాంతంలో నా పొలాన్ని ఎవరితో కలిపారు? పోల్చుతున్న పాత అంకె కూడా ఇదే ప్రాంతానిదేనా? వీటికి జవాబు లేని అంకె తప్పని కాదు, కానీ అది మీ పొలం గురించి చెబుతోందని అనుకోవద్దు. విత్తనం కొనే ముందు మొలక శాతం చూసుకున్నట్టే, ప్రీమియం కట్టే ముందు బీమా యూనిట్ చూసుకోండి.